ఇంటి దగ్గర చదువుకు నేను పెట్టిన సంతకాలు

మా పాప వైష్ణవి అన్నప్రాసన రోజే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ప్రొద్దుటూరులో మా ఇంట్లో చాప పరిచి పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పూలు ముందర పెట్టాం. ఏడో నెల. పాప కదల్లేదు. కాళ్లు రెండూ కత్తెర మాదిరి ఒకదాని మీదొకటి బిగించి, చేతులు మాత్రం పుస్తకం వైపు చాపింది. "దానికన్నీ కావాలప్పా, అందుకే ఆలోచిస్తాంది" అంది మా అత్త. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పౌరోహిత్యం చేసే మా నాయన మాత్రం మంత్రం ఆపి ఆ కాళ్ల వైపు చూశాడు. ఆయన మంత్రం మధ్యలో ఆపడం నేను అంతకు ముందు ఎరగను.

పిల్లల డాక్టరు "ఇంకో మూడు నెలలు చూద్దాం" అన్నారు. చూశాం. మళ్లీ మూడు నెలలన్నారు. మళ్లీ చూశాం. చూడడంలో మాకు మంచి అనుభవం వచ్చాక, ఏడాదిన్నర వయసులో ఎమ్మారై తీయించారు. న్యూరాలజిస్టు ఫిల్మును లైటుకు ఎదురుగా పట్టుకుని చెప్పారు: "సెరిబ్రల్ పాల్సీ. ఇందులో స్పాస్టిక్ డైప్లీజియా అంటాం. కాళ్లకు పోవాల్సిన మెసేజ్ సరిగా పోదు. తెలివికి ఏం ఢోకా లేదు. ఫిజియోథెరపీ మానొద్దు, స్కూలు మానొద్దు."

ఫిజియోథెరపీ మానలేదు. స్కూలు మానాలంటే ముందు చేరాలి కదా.

నా భార్య శారద రోజూ రెండు పూటలా పాప కాళ్లు సాగదీసేది. పాదాలు నిలబెట్టే ప్లాస్టిక్ తొడుగులు, ఏఎఫ్ఓలు, చేయించాం. నాలుగో ఏట వాకర్ పట్టుకుని పది అడుగులు వేసింది. ఆర్నెల్లకు ఎత్తు పెరిగి, కండరాలు బిగిసి, ఆ పది కాస్తా మూడయ్యాయి. "ఎముక పెరిగినంత స్పీడుగా మజిల్ పెరగదు. ఇది వెనక్కి పోవడం కిందికి రాదు" అన్నారు డాక్టరు. మూడడుగులు లెక్కపెట్టుకునే వాళ్లకు అది అచ్చం వెనక్కి పోయినట్టే ఉంటుంది. బిగిసిన కండరాలు సడలడానికి బోటాక్స్ ఇంజెక్షన్లు వేయించి, మళ్లీ మొదలుపెట్టి, ఆరో ఏటికి వీధి చివరి దాకా నడిపించాం.

ఇక బడి. ప్రొద్దుటూరులో మొదట పోయిన ప్రైవేటు స్కూలు ప్రిన్సిపాల్ శానా మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చి మరీ కాదన్నాడు. "మిగతా పేరెంట్స్ ఏమనుకుంటారో సార్" అన్నాడు. ఆ సమయంలో వైష్ణవి ఆయన టేబుల్ మీది క్యాలెండర్లో నెలల పేర్లు గట్టిగా చదువుతోంది. "పాప బాగా చదువుతాందే!" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నందుకు ఫీజు తీసుకోలేదు. రెండో స్కూలు వాళ్లు అంత దూరం రానివ్వలేదు, గేటు దగ్గరే తేల్చేశారు.

అంతలో నాకు జమ్మలమడుగుకు బదిలీ అయింది. నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాను. జనం తెచ్చే కాగితాల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. "చదివి సంతకం పెట్టండప్పా" అని రోజుకు పదిసార్లు అంటుంటాను.

ఇంటికి దగ్గర్లోని సర్కారు బడి హెడ్‌మాస్టరు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "చేర్చుకుంటాం సార్, చట్టముంది గదా! ఈడొక సంతకం, ఈడొకటి, వెనకాలొకటి" అన్నాడు. రెండు స్కూళ్లు కాదన్నాక ఒక బడి సరేనన్న సంతోషంలో నేను వరుసగా పెట్టుకుంటూ పోయాను. వారం తర్వాత తెలిసింది: పేరు బడిలో ఉంటుంది, పాప ఇంట్లో ఉంటుంది. దాన్ని హోమ్ బేస్డ్ అంటారట. శనివారం శనివారం ప్రత్యేక టీచరు ఇంటికొచ్చి చదువు చెప్తాడట. కొన్నాళ్లకు సర్దుకుంటుంది లెమ్మనుకున్నాం.

వచ్చే టీచరు రమణ సార్. ముద్దనూరు నుంచి బండి మీద వస్తాడు, మంచివాడు. మొదట్లో వారం వారం వచ్చాడు. తర్వాత నెలకొకసారి. పాప చేతికి పలక ఇచ్చి ఫోటో తీసి, రిజిస్టరు తెరిచేవాడు. "నాలుగు వారాలకూ కలిపి పెట్టేయండి సార్, ఎండలు సంపుతాండాయి." శారద మజ్జిగ ఇచ్చేది, నేను సంతకాలు ఇచ్చేవాణ్ని. ఉద్యోగి కష్టం ఉద్యోగికి తెలియదా!

ఏడాది గడిచి వైష్ణవి రెండో తరగతికి వచ్చింది, రిజిస్టరులో. పొద్దున్నే మా గేటు దగ్గర కుర్చీ వేసుకుని, బడికి పోయే పిల్లలందరికీ హాజరు వేసేది. ఒకరోజు అడిగింది: "నాయనా, నేను బడిలో ఉండానా?"

"ఉండావమ్మా, పేరుంది."

"మరి నా బెంచీ యాడుంది?"



ఆ నెలలోనే వికలాంగుల సర్టిఫికెట్ కోసం పులివెందుల పోయాం. అక్కడి డాక్టరు కాళ్లు పరీక్ష చేస్తూ పాపను మాటల్లో పెట్టారు.

"ఏ క్లాసు?"

"రెండు."

"మీ టీచర్ పేరేంది?"

"తెలీదు సార్. నేనెప్పుడూ పోలేదు."

ఆయన పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగారు. "కాళ్లు చూసి తల సంగతి తేల్చేసినారా? హోమ్ బేస్డ్ అనేది మంచం దిగలేని పిల్లలకు. అది కూడా తల్లిదండ్రులు కోరుకుంటేనే."

"మేం కోరుకోలేదు సార్" అన్నాను గట్టిగా.

మర్నాడు అదే మాట విద్యాశాఖ ఆఫీసులో ఇంకా గట్టిగా అన్నాను. అక్కడి అధికారి ఫైలు తెప్పించి నా ముందర తోశాడు. "మీరే కోరుకున్నారు గదప్పా!"

"మా పాప బడికి రాలేని స్థితిలో ఉన్నందున ఇంటి వద్దనే విద్య ఇప్పించమని ఇష్టపూర్వకంగా కోరుతున్నాను." కింద నా సంతకం. రిజిస్టరు ఇంకా ముచ్చటగా ఉంది. ఒక్క శనివారం కూడా తప్పిపోలేదు. దసరా సెలవుల్లో పాఠం జరిగింది. మేమంతా తిరుపతిలో ఉన్న శనివారం కూడా జమ్మలమడుగులో పాఠం జరిగింది. "విద్యార్థిని అక్షరాలు గుర్తిస్తున్నది" అని ప్రగతి. ఇంట్లో పేపరు హెడ్డింగులు మా నాయనకు చదివి వినిపించే పిల్ల! రిమార్కుల గడిలో అన్ని వారాలకూ "సంతృప్తికరం." ప్రతి అబద్ధం పక్కనా నా సంతకం ఉంది.

నా మీద నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయను, శారద ఆ పని సరిపడా చేసింది. కానీ ఒకటడుగుతాను. బిడ్డకు ఏది మంచిదో ఒక్కరైనా మమ్మల్ని కూర్చోబెట్టి అడిగారా? మెట్లున్న బడికి మా పిల్ల అడ్డం. ఆమెను ఇంట్లో ఉంచితే మెట్లు కట్టిన వాళ్లకు, ర్యాంపు కట్టని వాళ్లకు అందరికీ సుఖం. ఆ సుఖానికి సౌకర్యమని పేరు పెట్టి, ఆ సౌకర్యాన్ని మేమే అడిగినట్టు మా చేతనే రాయించుకున్నారు.

నా అంగీకారం వెనక్కి తీసుకుంటున్నానని అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. "పైనుంచి ఆర్డరు రావల్ల" అన్నారు. రెండు నెలలు రాలేదు.

రమణ సార్ వచ్చాడు. ఈసారి రిజిస్టరు నేనే అడిగి తీసుకున్నాను. ఆ ఒక్క తేదీకే సంతకం పెట్టి, రిమార్కుల గడిలో రాశాను: "ఈ రోజు వచ్చారు. పదకొండు నిమిషాలున్నారు. ఫోటో తీశారు. పాఠం చెప్పలేదు. గత మూడు వారాలు రాలేదు."

ఆయన ముఖం వాడిపోయింది. "సార్, ఇట్ల రాస్తే ఇది నేను పైకెట్ల పంపేది?"

"పంపొద్దు. మా పాపను బడికి పంపుతా."

"నాకు మూడు మండలాలు సార్. ఇరవై ఇండ్లు, ఒక బండి. నేనేం చేయల్ల?"

"అదీ నిజమే. తేండి, అదీ రాస్తా" అని రాశాను. కింద ఆయన కూడా సంతకం పెట్టాడు. మంచివాడని ముందే చెప్పాను కదా.

అట్లాంటి రాతలు మరో మూడు పడేసరికి, అర్జీకి రాని కదలిక రిజిస్టరుకు వచ్చింది. హెడ్‌మాస్టరే ఫోన్ చేసి రమ్మన్నాడు. "పాపను తెచ్చుకోండి సార్. కాకుంటే రెండో తరగతి మేడ మీదుంది. ర్యాంపుకు ప్రపోజల్ పెట్టినాం."

"ఎప్పుడు?"

"నాకంటే ముందున్న హెచ్చెం పెట్టినాడు."

పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుతున్న రెండో తరగతి టీచరు నూర్జహాన్ మేడమ్ తలెత్తకుండానే అంది: "బిల్డింగును దించలేం గానీ పిల్లోళ్లను దించొచ్చు గదా సార్? ఐదో తరగతోళ్లు పైకెక్కుతారు, కాళ్లు బాగానే ఉండాయి."

బెంచీలు మారడానికి అరగంట పట్టింది. దానికోసం పాప ఏడాది పైగా ఇంట్లో కూర్చుంది.

ఇప్పుడు వైష్ణవి నాలుగో తరగతి. వాకర్ పట్టుకుని క్లాసుకు పోతుంది. లెక్కలంటే పడదు. పక్క బెంచీ పిల్లతో రోజూ తగువే, రోజూ ఆ పిల్ల కోసమే ఎదురుచూపు. అంతా బాగుందని రాయలేను. మరుగుదొడ్డి ముందర ఇప్పటికీ ఎత్తు మెట్టుంది. ఇంటర్వెల్‌కు శారద పోయి ఎత్తి దించుతుంది. దాని మీద మూడు అర్జీలు ఇచ్చాను, నాలుగోది రాస్తున్నాను.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి బిడ్డ ఉంటే, బిడ్డ పేరుతో వచ్చే ఏ కాగితమైనా పూర్తిగా చదవండి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. జరిగిన రోజుకే సంతకం పెట్టండి. రిమార్కుల గడి ఉంటే, జరిగింది జరిగినట్టు మీ చేత్తోనే రాయండి. ఖాళీగా వదిలితే దాన్ని వేరేవాళ్లు నింపుతారు. వాళ్లు అందులో రాసే మాట ఒక్కటే: సంతృప్తికరం.