మన్నూబియా మెచ్చని సన్నివేశం

మా ఊరు కెలిబియాలో సినిమాని తూచేది పత్రికలు కాదు, మన్నూబియా. పొద్దంతా ఎండుమిరపకాయలు దంచి హరీసా అనే కారప్పచ్చడి చేసి అమ్ముతుంది. ఆ ఘాటంతా నాలుక్కి ఎక్కిందని ఊళ్ళో అంటారు. మా సినిమా క్లబ్బులో బొమ్మ అయిపోగానే లైట్లు వేసి, తీసినవాణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెడతారు. అప్పుడు మొదలయ్యే చర్చ సినిమా కంటే పొడుగు. మన్నూబియా లేచి మాట్లాడేదాకా ఎవరూ కదలరు. ఒకసారి రాజధాని నుంచి వచ్చిన దర్శకుణ్ణి "నాయనా, నీకు కోళ్ళంటే ఇష్టమా?" అని మాత్రం అడిగింది. మర్నాటికల్లా అతను కోళ్ళ ఫారం పెట్టాడు. ఆ గుడ్లు నేను తిన్నాను కూడా. బడి మధ్యలో మానేసినవాణ్ణే గాని, ఈ హాల్లో నేను నేర్చినంత ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఆమె తిట్టిన సినిమాని జనం పనిగట్టుకుని మళ్ళీ చూస్తారు. ఆమె నోరు విప్పకుండా లేచిపోయిందా, ఇక దాని ఊసెత్తేవాడుండడు.

ఆ మధ్య ఆమె చెల్లెలు దూజా కొడుకు నౌఫల్ ఒక సినిమా తీశాడు. ఒకే గోడకు అటూ ఇటూ బతికే అక్కచెల్లెళ్ళ కథ. అది ఎవరి కథో వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. తల్లి ఆఖరి రోజులు ఎవరింట్లో గడవాలన్న దగ్గర మాటామాటా పెరిగి, మన్నూబియా, దూజా పదేళ్ళుగా పలకరించుకోలేదు. గోడకు అటు దూజా తుమ్మితే ఇటు మన్నూబియా పెదాలు దీవెన పలుకుతాయి గాని, శబ్దం మాత్రం రాదు.

రాజధాని పత్రికలో ఒకాయన "గంటన్నర సేపు ఇద్దరు ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీయడం చూశాను" అని రాశాడు. ఇంకొకాయన ఒక సన్నివేశాన్ని ఆకాశానికెత్తాడు. ప్రవక్త పుట్టినరోజైన మౌలిద్ పండుగనాడు చెల్లెలు అసీదా పాయసం పంపితే, అక్క ఆ గిన్నెను కడిగి ఖాళీగా తిప్పి పంపుతుంది. ఆ ఖాళీ గిన్నెలో ఒక కుటుంబమంతా కనిపించిందట ఆయనకి.

నౌఫల్‌కి ఈ రెండూ పట్టలేదు. "పెద్దమ్మ ఏమంటుందో అదేరా నాక్కావాలి. ఆమె మాట్లాడకుండా లేచిపోతే మా రెండిళ్ళూ ఇంక కలవవు" అన్నాడు నాతో.

ఆదివారం మధ్యాహ్నం ఆట. మన్నూబియా ముందు వరసలో, దూజా వెనక తలుపు దగ్గర. గిన్నె సన్నివేశం రాగానే హాలంతా "అయ్యో!" అంది. మా దగ్గర పండుగ గిన్నె వెళ్ళిన ఇంటి నుంచి ఆ ఇంటి అసీదాతో, పైన బాదంపప్పు ముగ్గుతో తిరిగొస్తుంది. ఖాళీగా పంపడమంటే మొహాన తలుపు వేయడమే.

లైట్లు వేశారు. మన్నూబియా కదల్లేదు, పలకలేదు. నౌఫల్ చెమట తుడుచుకుంటున్నాడు. ఇక నేనే పూనుకున్నాను.

"ఏం మన్నూబియా అత్తా, ఇవాళ హరీసా నీ నాలుకనే కాల్చిందా?"

"నువ్వు నోర్ముయ్యరా, బడిగోడ దూకినోడా!" అని లేచింది. "ఏరా నౌఫల్, ఆ గిన్నె ఖాళీగా పంపింది ఎవర్రా?"

"సినిమాలో అక్క పాత్ర, పెద్దమ్మా..."

"పాత్రా లేదు, గీత్రా లేదు. నేను పంపానా?"

"అది కల్పన పెద్దమ్మా. విమర్శకులకు ఆ సీనే..."

"అయితే వాళ్ళనే తినమను! కడిగి ఖాళీగా పంపానట! నేనసలు తిప్పి పంపితే గదా? ఇప్పటికీ నా అలమరలోనే ఉంది."

వెనకనుంచి దూజా అరిచింది. "ఆ ఏడు పండక్కి నేను పంపిన నీలం చేప బొమ్మ గిన్నేనా? పగలగొట్టేశావనుకున్నానే!"

"అమ్మ గిన్నె పగలగొట్టడానికి నాకేమన్నా పిచ్చా?" అంది మన్నూబియా, తల తిప్పకుండానే.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు దాచావే అక్కా?"

"ఏం పోసి పంపనే? ఏ ఏడు చేసినా నీ అంత నున్నగా రాదాయె. ఉండలు కట్టింది పంపితే నవ్వవూ?"

"నవ్వేదాన్నే!"

క్లబ్బు అధ్యక్షుడు మైకు అందుకుని, "దయచేసి చిత్రీకరణ శైలి గురించి మాట్లాడండి" అన్నాడు.

"నువ్వు కూర్చో నాయనా, మేం మాట్లాడుకుంటున్నాం" అన్నారు అక్కాచెల్లెళ్ళు ఒక్క గొంతుతో.

దూజా ముందుకొచ్చి అక్క పక్క కుర్చీలో కూలబడింది. మన్నూబియా ఆమె చెయ్యి పట్టుకునే చెల్లెలి కొడుక్కి తీర్పు చెప్పింది. "మిగతాదంతా బాగుందిరా. ఆ సీను తీసెయ్. ఖాళీ గిన్నె తిప్పి పంపితే తెగిపోయినట్టే. నేను తెంపుకోలేదు."

నౌఫల్ ఆ సన్నివేశాన్ని ఆమె వంటింట్లోనే మళ్ళీ తీశాడు. ఇప్పుడు అందులో ఒక చెయ్యి గిన్నెను అలమరలో పెట్టి తలుపు మెల్లగా మూస్తుంది. మెల్లగా మూయాలన్న సలహా నాది. నౌఫల్ ఒప్పుకోడు, గొప్పవాళ్ళతో ఇదే చిక్కు.

మెచ్చుకున్న విమర్శకుడే మళ్ళీ చూసి, సినిమా పదును పోయిందని రాశాడు. మౌలిద్ ముందురోజు దూజా వంటింట్లో ఇద్దరూ అసీదా కోసం పైన్ గింజల పిండి వడకట్టి పొయ్యి మీద కలుపుతుంటే, నేను ఆ సమీక్షను ఫోన్లో చూసి చదివి వినిపించాను.

"పదునా? కత్తులకు సాన పట్టేవాడేమో పాపం" అంది దూజా.

"కబుర్లు చాలు, కలపవే, అడుగంటుతోంది."

"నువ్వు జరిగితే గదా కలిపేది!"

ఇద్దరూ గరిటె కోసం పెనుగులాడుతున్నారు. నేను రెండో పేరా చదవడం మానేశాను. వినేవాళ్ళెవరూ లేరు.