ఊకలో దాచిన రాళ్లవాన

ఇప్పుడంటే చినుకు పడకముందే ఫోన్లకు కబురొస్తోంది. ఆ రోజుల్లో రేగొండ దిక్కున మా పల్లెలో వాన కబురు చెప్పడానికి కిరాణం దుకాణంలో ఒకే ఒక్క రేడియో ఉండేది. అది చెప్పేది వినడానికి ఊళ్లో సగం మంది చేరేవాళ్లు గానీ, నమ్మేవాళ్లు మాత్రం లేరు. నేను నమ్మేదాన్ని. నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని, పైగా ఊరికే వచ్చేది దేన్నైనా వదులుకోవడం నాకు చిన్నప్పటి నుంచే చేతకాదు. (ఇప్పటికీ మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి నిలబడి ఆలోచించే వాళ్లకు నా తిట్లు తప్పవు.)

ఆ ఎండాకాలం మా అక్కకు స్టేషన్ ఘన్‌పూర్ సంబంధం వచ్చింది. మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు పెళ్లికొడుకు తల్లి, మా అవ్వ ఇచ్చిన షర్బతు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది. "మా ఘన్‌పూర్ల గిసొంటి ఎండకు మంచుగడ్డ లేంది షర్బతు ముట్టరు వదినా" అన్నది. మా అమ్మ ముఖం మాడిపోయింది. (అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం.) పెళ్లికొడుకేమో వచ్చినప్పటి నుంచి పోయేదాకా మా ఇంటి దూలాలు చూస్తూ కూర్చున్నాడు తప్ప నోరు విప్పలేదు. వాళ్లు అటు పోగానే అక్క మొండికేసింది. "మాటలొస్తయో రావో తెల్వని మనిషితోని నేనెట్ల బతకాలె నాయినా? నేను చేసుకోను." నాయిన బతిమాలితే "మల్లొకసారి రానియ్యి, అప్పుడు చెప్త" అని మాత్రం ఒప్పుకుంది. ఆ రెండో రాకతో సంబంధం కుదరాలి, లేదంటే పోవాలి.

వాళ్లు వచ్చే ముందురోజు నేను ఉప్పుకోసం దుకాణానికి పోతే రేడియో చెబుతోంది, అక్కడక్కడా ఉరుములతో జల్లులట, ఒకటి రెండు చోట్ల వడగండ్లు పడవచ్చట. నా ప్రాణం లేచి వచ్చింది. "అన్నా, ఆ ఒకటి రెండు చోట్లల్ల మన ఊరున్నదా?" అని అడిగాను. "మన ఊరి పేరు రేడియోకేమెరుక పిల్లా, ఉప్పు తీస్కపో" అన్నాడు దుకాణమాయన. నాయిన రాళ్లు పడొద్దని దండం పెడుతుంటే, నేను ఆయన వెనకే నిలబడి పడాలని దండం పెట్టాను. దేవుడికి ఎంత పరేషాన్ అయిందో!

సాయంత్రం రాళ్లు మా పెంకుల మీద పేలాలు చిట్లినట్టు రాలాయి. మా మిర్చి అప్పటికే బస్తాలకెక్కింది గనుక బతికిపోయాం. చిన్నాయన మామిడి కాయలే పాపం నేల పాలయ్యాయి. నేను నెత్తిన గంప బోర్లించుకుని, వాకిట్లో రాళ్లు ఏరడం మొదలుపెట్టాను. "నెత్తి పలుగుతదే, లోపటికి రా!" అని అవ్వ అరుస్తూనే ఉంది. అంగడిలో మంచు అమ్మే మనిషి గడ్డను ఊకలో పొదిగి, గోనెసంచి కప్పడం నేను చూశాను. అట్లాగే రాళ్లన్నీ పాతచీర ముక్కలో మూటగట్టి, ఊక నింపిన కాగులో పెట్టి, పైన సంచి కప్పి, ఎవ్వరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

తెల్లవారి మొదటి బస్సుకే వాళ్లు దిగారు. షర్బతు గ్లాసులు సిద్ధం కాగానే పరుగెత్తి కాగులో చెయ్యి పెడితే అంతా తడి ఊకే. అడుగున మూటలో కోడిగుడ్డంత రాయి ఒక్కటి మిగిలింది. దాన్నే కడిగి, పెళ్లికొడుకు తల్లి గ్లాసులో వేసి ఇచ్చాను. ఆమె గ్లాసును ఎత్తి చూసి, వేలితో ఊకపొట్టు ఒకటి తీసింది.

"గిదేందే పిల్లా?"

"మంచుగడ్డ, అత్తా. ఊరికెనే పడ్డది."

అవ్వ తలుపు చాటున తల పట్టుకుంది. అప్పుడు, దూలాలు చూసే ఆ మనిషి ఉన్నట్టుండి లేచాడు. తల్లి గ్లాసులోంచి రాయిని తీసి, ఆమె వక్కల సంచిలోని అడకత్తెరతో టక్కున రెండు చెక్కలు చేశాడు. "చూడుండ్రి! ఉల్లిగడ్డ లెక్క పొరలున్నయి" అన్నాడు. ఇక ఆగలేదు. నీటిచుక్క పడబోతుంటే కింది గాలి మబ్బులోకి ఎగదన్నుతుందట, అక్కడి చలికి అది గడ్డకడుతుందట. దిగబోతే మళ్లీ తడి అంటుకుంటుందట, గాలి మళ్లీ ఎగదన్ని ఇంకో పొర కడుతుందట, గాలి మోయలేనంత బరువయ్యాక రాయిలా పడుతుందట. మంచుగా దిగుతూ దారిలో కరిగితే అదే వానట. చెప్తూ చెప్తూ చెయ్యి ఊపుతుంటే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఓరి, అది కరిగిపోతాందిర! జర నన్ను తాగనియ్యి!" అని తల్లి మొత్తుకుంది.

అర్రలోంచి అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఆయన మళ్లీ దూలాల వైపు చూశాడు గానీ, ఆలస్యమైపోయింది. "మాటలొస్తయి నాయినా, వాటిని ఆపుడే కష్టం" అన్నది అక్క. ఆమెకు కాబోయే అత్త కూడా నవ్వి, ఒట్టి షర్బతునే గ్లాసు ఖాళీ చేసి, ఇంకో గ్లాసు అడిగింది.

బావ జీవితాంతం ఆగలేదు. తుంపర పడినా, పొద్దున్నే పొగమంచు కమ్మినా పట్టుకుని చెప్పేవాడు. నేను పని చెడుతోందని విసుక్కునేదాన్ని. ఆయన పోయాక నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న భూపాలపల్లిలో కొడుకింట్లో ఉండగా మనవరాలి ఫోన్ మోగింది. "నానమ్మా, రాళ్లవానట, లోపటికి రా" అన్నది. నేను గిన్నె పట్టుకుని బయటికే పోయాను. ఒకటి దొరికింది, గోలీ అంత. ఘన్‌పూర్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేయించాను.

"మీ దిక్కు పడ్డదా అక్కా?"

"పడ్డదే. చేతుల పట్టుకోని కూసున్న. ఇగ పొరల ముచ్చట ఎవలు చెప్తరు?"

నాలుగో తరగతి దాన్ని, నేనే మొదలుపెట్టాను. నీటిచుక్క దగ్గర నుంచి, ఎగదన్నే గాలి, పొర మీద పొర, ఏదీ వదలకుండా. అక్క ఊకొడుతూ విన్నది. "చెయ్యి కూడ ఊపుతున్నవా?" అని చివర్న అడిగింది. చూసుకుంటే నిజంగానే ఊపుతున్నాను. గిన్నెలో రాయి లేదు, చెంచాడు నీళ్లున్నాయి. పారబోయడానికి మనసొప్పక కొత్తిమీర కుండీలో పోసి వచ్చాను.