నేను సున్నా దాకా లాగిన గీత

నా పేరు కేశవ. కదిరిలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌ని. తొంభైతొమ్మిదిలో పీహెచ్‌డీ మొదలుపెట్టి, బంధువులకు నవ్వుకోవడానికి తరగని విషయం ఒకటి సమకూర్చాను.

నా అంశం గ్లూఆన్. క్వార్కులనే కణాలను విడిపోకుండా పట్టి ఉంచేది అదే. అది ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎంత బలంగా చేరుతుందో చెప్పే లెక్కను ప్రొపగేటర్ అంటారు. గ్లూఆన్ ద్రవ్యవేగం తగ్గుతూ సున్నాకు వస్తే ఆ ప్రొపగేటర్ ఏమవుతుందన్నది నా ప్రశ్న. దానికోసం కంప్యూటర్లో గళ్లుగళ్లుగా ఒక పెట్టెను కట్టుకోవాలి. పెట్టె ఎంత పెద్దదైతే అంత తక్కువ ద్రవ్యవేగం దాకా చూడొచ్చు. నా పాత కంప్యూటరుకూ మా కరెంటు కోతలకూ అందింది చిన్న పెట్టే. అందులో గీత పైకి లేచి, చివర్లో కాస్త కిందికి వంగింది. మిగతాది నేనే సున్నా దాకా లాగేశాను.

గీత సున్నాకే పోతుందనుకున్న పెద్ద శాస్త్రవేత్తలూ ఉన్నారు గానీ, వాళ్లకు కారణాలున్నాయి. నా కారణం అనంతపురం జిల్లాలో పుట్టడం. వానల గీత, బోర్లలో నీటి గీత, వేరుశెనగ దిగుబడి గీత, చిన్నప్పటి నుంచి చూసినవన్నీ కిందికి పోయేవే. వంగిన గీత మధ్యలో ఆగుతుందని నా బుర్రకు తట్టనే లేదు.

రెండువేల ఏడులో థీసిస్ ఇచ్చేశాను. వైవా తేదీ కూడా పడింది. ఆ తర్వాతే మా చెల్లెలు జయంతి పెళ్లి. నల్లమాడలో మా నాయన కొండప్ప ఆగలేకపోయాడు. శుభలేఖలో నా పేరు ముందు 'డాక్టర్' అని వేయించి ఊరూరా పంచేశాడు.

అప్పుడే విదేశాల వాళ్లు పెద్ద పెద్ద పెట్టెల్లో వేసిన లెక్కలు వచ్చాయి. గీత సున్నాకు పోలేదు. ఒక విలువ దగ్గర నిలిచిపోయింది.

వైవాకు వచ్చేవారు అవి చదివి ఉండరనీ, డిగ్రీ చేతికొచ్చాక దిద్దుకోవచ్చనీ మా గైడు బదరీనారాయణ గారు నచ్చజెప్పారు. నిజం చెప్పాలంటే నాకు తేలిగ్గానే నచ్చింది. ఇంటికొచ్చి చివరి అధ్యాయం తిరగేస్తే, 'సందేహం లేకుండా సున్నా' అని నేనే దర్జాగా రాసుకున్న వాక్యం కనిపించింది. నా మీద నాకే ఒళ్లు మండింది. థీసిస్ వెనక్కి తీసుకున్నాను. మళ్లీ చేయాలంటే రెండేళ్లు.

నాయన కళ్లంలో ఉంటే పోయి చెప్పాను. "నేనింగా డాక్టర్ కాలేదు నాయనా. నా లెక్క తప్పు."

ఎవరు కనుక్కున్నారని అడిగాడు. నేనేనని చెప్పాను. తలాడించి మళ్లీ చేట అందుకున్నాడు. తిట్టినా బాగుండేది.

పెళ్లిరోజు పందిరి ముందు నిలబడి, నన్ను పక్కనే పెట్టుకుని, వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. "కార్డులో తప్పు పడిండాదప్పా. మావాడింగా డాక్టర్ కాలేదు. వాని లెక్కలో తప్పు వాడే పట్టుకున్యాడు."

గొంతు ఎక్కడా తగ్గించలేదు. ఇన్నేళ్లుగా ఆయనకు నేను విడమర్చి చెప్పలేకపోయిన నా చదువును ఆయనే అందరికీ చెబుతుంటే, నాకు ఏడుపొచ్చింది.