పాత నంబర్లు చింపేసిన శరణప్పన్నకు

నిన్న పొద్దున శరణప్పన్న కూతురు ఫోన్ చేసింది.
"అత్తమ్మా, బాపు పోయిండు" అన్నది.

లైన్ కట్ అయ్యాక కూడా ఫోన్ చెవికే పెట్టుకొని కూర్చున్నాను.
ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. డెబ్బైల్లో జహీరాబాద్‌లో మాది ఒకే కాలేజీ, ఒకే బాటనీ ల్యాబ్. అన్న సీనియర్ లెక్చరర్. నేను కొత్తగా చేరిన డెమాన్‌స్ట్రేటర్.

సెలవొస్తే చాలు, ఝరాసంగం, న్యాల్‌కల్ పొలాల గట్లు పట్టుకొని తిరిగేవాళ్లం. కోసుకొచ్చిన మొక్కను పాత పేపర్లలో ఎండబెట్టి, అట్టకు అంటించి, ఒక నంబర్ ఇచ్చేవాళ్లం. అది ఏ ఊరిలో దొరికిందో ఆ నంబర్ కింద ఫీల్డ్ బుక్‌లో రాసే డ్యూటీ నాది.

ఒకసారి ఒక మొక్కను పురుగులు తినేశాయి. ఆ నంబర్ కొత్తదానికి ఇచ్చేద్దామన్నాను. అన్నకు ఒళ్లు మండిపోయింది.

"పోయినోళ్ల పేరు పక్కింటోళ్లకు పెడ్తమా? గా నంబర్ గట్లనే ఖాళీగుండాలె. ఒక్కపారి ఇచ్చినమంటే అది దానిదే!"

నేను నమ్మాను. ప్రతి బ్యాచ్‌కీ అదే చెప్పాను.

ఎనభైల్లో డెలివరీ లీవ్ అయిపోయి కాలేజీకి వస్తే, అన్నీ కొత్త లేబుళ్లు.
ఇన్‌స్పెక్షన్ వాళ్లకు నీట్‌గా కనిపించాలని, ఖాళీల్లేకుండా ఒకటి నుంచి వరుసగా నంబర్లు వేసేశారు. పాత లేబుళ్లు చింపి పారేశారు.

చేసింది ఎవరో కాదు. అన్నే.

నా బుక్‌లో పాత నంబర్లు, అట్టల మీద కొత్తవి. ఏ మొక్క ఏ ఊరిదో ఇక చెప్పలేం. ఎండలో తిరిగిన ఏళ్లన్నీ గంగలో కలిశాయి.

"ఇన్‌స్పెక్షన్ ఉండె గదమ్మా. జర సర్దుకో" అన్నాడు, నా ముఖం చూడకుండా.

పోయినేడు కాలేజీ పిల్లలు ఆ మొక్కల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒక్కోదానికి ఒక లింక్.
"మేడం, ఇది ఏడ దొరికింది?" అని అడిగారు.
నా చేత్తో కోసిన మొక్క. నాకే తెలియదు.
ఈ లింకులైనా ఎవరు చెప్పినా మార్చకండని బతిమాలుకున్నాను.

ఆ రోజే అన్నకు ఫోన్ చేశాను.
"గవన్నీ ఇప్పుడెందుకమ్మా" అని పెట్టేశాడు.

ఇంకెవరైనా చేసుంటే తిట్టుకొని మర్చిపోయేదాన్ని అన్నా. నాకు నేర్పినవాడివి నువ్వు. "తప్పయింది" అని ఒక్క మాట అంటావని ఇన్నేళ్లు చూశాను. నిన్న చిరాగ్‌పల్లిలో మీ ఇంటి ముందు నీ ముఖం మీద గుడ్డ తీసినప్పుడు కూడా, పిచ్చిదానిలా, అదే మాట కోసం చూశాను.

వెళ్లిరా అన్నా. నీకు నెమ్మది దొరకాలి.
నాకింకా దొరకలేదు.