కానుగ దిబ్బ మీద నబీ గారి గొట్టాలు

ఓడల కాలం గడిచి, ఉప్పెనల కాలం గడిచి, సాగరసంగమం దగ్గర కృష్ణమ్మ తన పాయల దారులను ఎన్నోసార్లు దిద్దుకొని, చివరకు పెళ్లి భోజనాల్లో సైతం ప్రతి విస్తరి పక్కనా మూత బిగించిన సీసా నీళ్లు వెలసిన ఈ రోజుల్లో, చెట్టు కనబడితే చాలు, దాని కింది నీటిని నాలుకతో పలకరించనిదే అడుగు ముందుకు వేయని మహానుభావుడు బందరు మొత్తానికి ఒక్కరే ఉన్నారు. వారు చిలకలపూడి నబీ గారు.

కళాశాల రసాయనశాలలో ముప్పైయేళ్లు సహాయకుడిగా చేసి విశ్రాంతి తీసుకున్నారని కాగితాలు చెబుతాయి. విశ్రాంతి తీసుకున్నది ఆ కాగితాలే. ఆయన మోపెడ్‌కు ఒక పక్క మట్టి తొలిచే ఇనుప మర, మరో పక్క నిలువెత్తు ప్లాస్టిక్ గొట్టాలు. ఆయనను దాటడానికి లారీలు కూడా తటపటాయిస్తాయి. చెట్టు మొదట్లో గొట్టం దించుతారు, సన్నని ట్యూబుతో నీరు లాగుతారు, చప్పరించి కళ్లు మూసుకుంటారు. ఆ క్షణంలో తీర్థం పుచ్చుకొనే భక్తుడే నాకు గుర్తుకు వస్తాడు. మరుక్షణం ఆయన ఉమ్మివేస్తారు కనుక ఆ పోలికను అంతటితో ఆపుతాను.

ఆయన మేనల్లుడు పర్వేజ్‌కు గుడివాడలో పెళ్లిచూపులు జరిగాయి. షర్బత్ వచ్చే వేళకు పెద్దమనిషి కనబడలేదు. వెదకగా పెరట్లో వేపచెట్టు కింద గొట్టంతో సహా దొరికారు. చేతులు కడుక్కొని వచ్చి, అందరి మధ్యా కూర్చుని, "ఉప్పు కాస్త ఎక్కువేనండీ" అన్నారు. పిల్ల తల్లి లోపలికి వెళ్లి వంటలన్నీ మళ్లీ రుచి చూసుకుంది.

మోపిదేవిలో నేను స్వామి దర్శనం చేసుకొని వచ్చేసరికి, బయట బాదంచెట్టు కింద నబీ గారి ముందు యాత్రికులు వరుస కట్టి దోసిళ్లు పట్టి ఉన్నారు. తాగవద్దని ఆయన మొత్తుకుంటున్నా ఇద్దరు ఆ నీటిని కళ్లకద్దుకున్నారు.

ఈ తపస్సు దేనికని నేను ఒకసారి అడిగాను. "చెట్టు నీళ్లు తాగుతుంది శాస్త్రి గారూ, ఉప్పుని మాత్రం వేళ్ల దగ్గరే వదిలేస్తుంది. పగలంతా తాగేసరికి అక్కడ మట్టం తగ్గుతుంది కదండీ. చుట్టుపక్కల నీళ్లు అటు నడుస్తాయి. వాటితోపాటు ఉప్పూ వెళ్లి అక్కడే ఉండిపోతుంది" అన్నారు. హాలాహలాన్ని కంఠంలో నిలిపిన స్వామి స్ఫురించి ఆ చెట్టుకు నమస్కరించబోయాను. "గొట్టం జాగ్రత్తండీ" అన్నారు.

నిరుడు దివిసీమలో ఆ గొట్టాలకు అగ్నిపరీక్ష వచ్చింది. పైరు మొలవని ఉప్పు పర్రల నడుమ ఒక దిబ్బ, దాని మీద కానుగ తోపు, దిబ్బ అంచున ఒక మత్స్యకార పల్లెకు ఉన్న ఏకైక మంచినీటి బావి. తోపులో కొత్తగా వేసిన చేతిపంపు ఉప్పునీరు కక్కింది. చెట్లే నీటిని చెడగొడుతున్నాయనీ, ఆ చేటు బావిదాకా పాకకముందే తోపు కొట్టివేయాలనీ పల్లె తీర్మానించింది. కబురు తెలియగానే నబీ గారు బయలుదేరారు. తోపులోనూ బావి పక్కనా ఆయన ఇదివరకే దించిన గొట్టాలు ఉండనే ఉన్నాయి; మరికొన్నిటిని ఒళ్లో పెట్టుకొని వెనుక నేను.

పల్లెకు పెద్దదిక్కయిన చేపల అంకమ్మ గొడ్డలితో ఎదురైంది. "సాయిబు గారూ, మీ గొట్టాలు పీక్కోండి. గొడ్డలికి అడ్డమొస్తన్నాయి."

"పీకుతానమ్మా. సాయంత్రం దాకా ఆగు."

"ఏం, కొట్టొద్దని చెట్లు మీతో చెప్పుకున్నాయా?"

"నువ్వే అడుగుదువుగాని. వలతాడు ఉందా?"

వలకు కట్టే సీసపు గుండ్లను రెండు తాళ్లకు కట్టి, ఒకటి తోపులోని గొట్టంలోకీ మరొకటి బావి పక్క గొట్టంలోకీ దించారు. నీరు తగిలిన చోట అంకమ్మ చేతనే ముడి వేయించారు. మూడు ఝాముల ఎండ కాశాక ఆమే మళ్లీ దించింది. బావి దగ్గర ముడి తడిసింది. తోపులో నీరు ముడికి జానెడు కిందికి దిగిపోయింది. నమ్మక ఇంకో రెండుసార్లు దించి చూసింది.

"అయితే నీళ్లు బావి వైపు నుంచి చెట్లకి పోతన్నాయి" అంది నెమ్మదిగా.

"ఉప్పునీ లాక్కుని కాళ్ల కింద పెట్టుకుని కూర్చున్నాయమ్మా. వాటిని పడగొడితే ఆ ఉప్పుని పట్టి ఉంచేదెవరు?"

అంకమ్మ గొడ్డలిని చేతిపంపు దిమ్మకు ఆనించింది. పీకవలసింది ఈ పంపునే అని తీర్పు చెప్పి, ఆయన వైపు తిరిగింది. "ఇన్నేళ్లుగా నెలనెలా వచ్చి బావి చుట్టూ చప్పరించిపోతన్నారు. ముందే చెప్పొచ్చుగా? పిచ్చాయన అనుకున్నాం."

నబీ గారు చెవి గోక్కున్నారు. "ఉప్పు బావికి ఎంత దూరంలో ఉందో చూసుకుంటున్నానమ్మా. చెబితే బిందె ముంచిన ప్రతిసారీ మీకు భయం. భయపడటానికి ఒక్కడు చాలనుకున్నాను. పిచ్చోడంటే నాకేం పోయింది?"

అంకమ్మ బావిలోంచి నీళ్లు తోడి చెంబు అందించింది. ఆయన అలవాటుగా కళ్లు మూసుకోబోయారు.

"చప్పరించకండి బాబాయ్, తాగండి" అంది.

తాగారు. మరో చెంబు అడిగి, అదీ తాగారు.

బావి తవ్వించడం, వనం పెంచడం పుణ్యాలని శాస్త్రాల్లో చదివాను. పరుల బావి గురించి తానొక్కడే దిగులుపడటం ఏ పుణ్యమో నా చదువుకు అందలేదు. కనుక చేతనైన ఆశీస్సు చెబుతున్నాను: నబీ గారు నిండు నూరేళ్లు జీవింతురుగాక, ఇల్లాలు సయీదా గారికి ఆయురారోగ్యాలు వర్ధిల్లుగాక, వారి ఇంట తీపి నీరూ, కమ్మని నవ్వూ తరతరాలకు ఇంకకుండుగాక.