మావయ్యా, ఆ చక్రాలు కొట్టి చూడలేదు

నిన్న పొద్దున్న హాస్పిటల్ నుంచి తమ్ముడి ఫోన్. "అక్కా, మావయ్య ఎల్లిపోనాడే."

ఫోన్ పెట్టేశాక కూడా చేతిలో ఉన్న శాండ్ పేపర్‌తో చక్రం అంచు గీకుతూనే ఉన్నాను. పేపర్ చిరిగాక గానీ ఆగలేదు.

ఇంకా నమ్మలేకపోతున్నాను. మొన్న సాయంత్రమే నాతో మాట్లాడాడు.

పైడిరాజు మావయ్య అమ్మకి సొంత తమ్ముడు. ఖరగ్‌పూర్‌లో మీలో చాలామందికి "చక్రాల మావయ్య". సర్వీసంతా రైలు చక్రాలని సుత్తితో కొట్టి, ఆ మోత విని, పగులుందో లేదో చెప్పడమే ఆయన పని.

రిటైరయ్యాక తాల్‌బగీచాలో ఇంటి ముందు షెడ్డు వేసి కార్ల అల్లాయ్ వీల్స్ పని మొదలుపెట్టాడు. మెరుపు కోసం పైన వేసే క్లియర్ కోట్ పొరలు లేచి, పసుపెక్కి, లోపల తెల్లగా పుచ్చిపోయిన పాత వీల్స్. గీకి, నున్నగా చేసి, ప్రైమర్, సిల్వర్, పైన మళ్ళీ క్లియర్ కోట్. షోరూమ్ నుంచి ఇప్పుడే దిగినట్టు ఉండేవి.

నాకు ఈ పని నేర్పింది ఆయనే.

కానీ రంగు డబ్బా మూత తీసేముందు టైరు ఊడదీయాలి. చక్రాన్ని తాడుకి వేలాడదీయాలి. చిన్న సుత్తితో చుట్టూ కొట్టి వినాలి. కళ్ళు మూసుకుని వినేవాడు.

"రంగుదేవుందే, ఎవుడైనా ఏస్తాడు. ముందు దాన్ని మాటాడనీ."

"ఇది రైలు కాదు మావయ్యా, సిన్న కారు" అని ఆటపట్టించేదాన్ని.

"అందులో కూకునేది మనుసులే కదేటి?" అనేవాడు.

ఒకసారి మా ఊళ్ళోనే పూరీ గేట్ నుంచి ఒకాయన చెల్లెలి పెళ్ళి కారు వీల్స్ తెచ్చాడు. మూడోది కొట్టగానే మావయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇది పలకడం నేదు. రంగు ఎయ్యను."

కారాయన హిందీలో అరిచాడు, బెంగాలీలో అరిచాడు. మావయ్య చక్రం వెనకవైపు కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. కాసేపటికి పగుల్లో దిగిన కిరసనాయిలు ఊరి, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్ల గీత తేలింది.

కారాయన స్టూలు మీద కూలబడ్డాడు. మావయ్య టీ తెప్పించి ఆయన చేతికిచ్చాడు.

అలాంటి మనిషికి నేను అబద్ధం చెప్పాను.

పోయిన వారం ఊపిరాడక మావయ్యని హాస్పిటల్లో చేర్చాం. అప్పటికే ఊళ్ళోనే ఇందా అనే పేట నుంచి ఒక బెంగాలీ దాదా కారు షెడ్డులో ఉంది. ఫ్యామిలీతో దీఘా బీచ్‌కి వెళ్ళాలి, జల్దీ చెయ్యి దీదీ అని ఒకటే ఫోన్లు. నేను ఇంటికీ హాస్పిటల్‌కీ మధ్య తిరుగుతున్నాను.

టైర్లు ఊడదీయలేదు, కొట్టి చూడలేదు. టైర్లకి కాగితాలు చుట్టి, పైకి కనిపించేవైపు మాత్రం గీకి, స్ప్రే కొట్టి ఇచ్చేశాను. అద్దంలా మెరిశాయి. దాదా మురిసిపోయాడు.

మొన్న సాయంత్రం మావయ్య ఆక్సిజన్ మాస్క్ పక్కకి లాగాడు. "ఇందా కారు... నాలుగూ కొట్టి సూసినావా?"

"సూసినాను మావయ్యా. నాలుగూ మోగినాయి."

కళ్ళు మూసుకున్నాడు. మా మధ్య ఆఖరి మాట అదే.

నిన్న శ్మశానంలో అందరూ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ మావయ్య చితి ముందు నిలబడి నేను ఆ కారు గురించే ఆలోచించాను. దాదాకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా స్విచ్డ్ ఆఫ్.

ఈరోజు పొద్దున్నే ఇందా పరిగెత్తాను. తలుపుకి తాళం. తెల్లారుతూనే దీఘా బయల్దేరారని పక్కింటి దీదీ చెప్పింది.

అక్కడే రోడ్డు మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాను.

ఆరోసారి ఎత్తాడు. వెనక పిల్లల నవ్వులు. దారిలో బేల్దా దగ్గర టీకి ఆగారట.

"దాదా, కారు కదపకండి. తప్పు చేశాను. నేనొస్తున్నా."

తమ్ముడి బైక్ మీద వెళ్ళాను. వాళ్ళు ఆగే ఉన్నారని తెలిసినా, దారిలో రోడ్డు పక్కన జనం గుమిగూడి కనిపించిన ప్రతిచోటా బైక్ ఆపించి చూశాను. ఒకచోట అరటిపళ్ళ బేరం. ఒకచోట ఎవరిదో గొడవ.

బేల్దాలో ఒక పంక్చర్ షాపులో టైర్లు ఊడదీయించాను. దాదా వాళ్ళమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. పిల్లల చేతుల్లో ఇసకలో ఆడుకునే బకెట్లు.

మొదటిది మోగింది. రెండోది మోగింది. మూడోదీ మోగింది.

నాలుగోది మోగిందో లేదో నాకు తెలియలేదు.

పదిసార్లు కొట్టాను. లారీల చప్పుడో, నా చెవుల్లో హోరో. "మావయ్యా, ఇది ఒకసారి ఇను" అని పక్కకి తిరిగాను కూడా. పంక్చర్ షాపాయన నిలబడి ఉన్నాడు.

"ఇది వెయ్యను దాదా" అన్నాను.

ఆ చక్రం స్థానంలో స్టెప్నీ బిగించాం. దాదా నోటికొచ్చినట్టు తిట్టాడు. పిల్లలు ఏడ్చారు. కారు నెమ్మదిగా ఖరగ్‌పూర్‌కే తిరిగింది. తిట్టనీ. ఇల్లు చేరామని మెసేజ్ వచ్చాక గానీ నేను మంచినీళ్ళు ముట్టలేదు.

మా కస్టమర్లు చదువుతుంటే ఒక మాట. అలా చేసింది ఆ ఒక్కసారే. నమ్మకం లేకపోతే తీసుకురండి, మీ ముందే కొట్టి చూపిస్తాను.

ఆ నాలుగో చక్రం ఇప్పుడు నా ఎదురుగా ఉంది. వెనకవైపు పాత రంగు గీకి, కిరసనాయిలు రాసి, సుద్ద చల్లితే తేలిపోతుంది. గీకలేకపోతున్నాను. పగులుంటే, ఆ పిల్లల్ని దేని మీద కూర్చోబెట్టానో అని భయం. లేకపోతే, నా చెవిని నేను నమ్మలేనని భయం. ఇకమీద అడగడానికి నువ్వు లేవు మావయ్యా.

రేపు గీకుతాను.

ఇవాళ మాత్రం నాలుగూ కొట్టి చూశాను మావయ్యా. ఇది అబద్ధం కాదు.

నన్ను క్షమించు. హాయిగా ఊపిరి పీల్చుకుని, నిశ్చింతగా పడుకో.