అనప సాళ్లు

కార్వేటినగరం దగ్గర మా చిన్నమ్మ వాళ్ల రాగిచేనులో అనప గింజలు చిన్నాయన ఇంకెవరి చేతా విత్తించేవాడు కాదు. రాగి ట్రాక్టరుతో వేయించినా, మధ్య మధ్య అనప సాళ్లు మాత్రం తనే నడుస్తూ చేత్తో వేసేవాడు. ఒక కాలు కుంటి కావడంతో ఆ సాళ్లన్నీ ఎడమకు వంగిపోయేవి. చిన్నమ్మ ఆయనకు గట్టు మీదికి టీ తెచ్చిస్తూ ఎగతాళి చేసేది.

ఈ ఏడు విత్తిన కొన్నాళ్లకే ఆయన గుండె ఆగి పోయాడు. కర్మంతరం అయ్యాక చిన్నమ్మ కొడవలి పట్టుకెళ్లి, ఏపుగా పెరుగుతున్న అనపనంతా నేల మట్టానికి కోసి ఆవుకు వేసేసింది. ఆ చెట్లను చూస్తే కడుపు తరుక్కుపోతోందంది.

తర్వాత వానలు పడ్డాయి. కలుపు తీయించాలి, సాయం రమ్మంటే చిత్తూరు నుంచి వెళ్లాను. గట్టెక్కి చూసి అక్కడే ఆగిపోయాను. చేనంతా పాలిపోయి ఉంది. అందులో చారలు చారలుగా నల్లటి పచ్చదనం, ఎడమకు వంగుతూ అవతలి గట్టుదాకా పోతోంది. గాలి లేదు. అయినా ఆ చారల్లో రాగి కదిలినట్టే అనిపించింది.

కూలికి వచ్చిన ఆడవాళ్లు గట్టు దిగలేదు.

"ఆయప్ప ఇంకా నడస్తానే ఉండాడక్కా. సూడు, ఆ వంకర ఆయప్పదే. మేం దిగము," అని వెళ్లిపోయారు.

కలుపు అప్పటికే రాగిని కమ్మేస్తోంది. ఈ పంట పోతే చిన్నమ్మకు ఏడాది తిండి పోయినట్టే. నాకు భయం కంటే కోపమే ఎక్కువైంది. ఒక్కదాన్నే దిగి ఒక చారలో తవ్వాను. కోసేసిన అనప మోడు వేళ్లతో సహా వచ్చింది. వేళ్లనిండా చిన్న చిన్న బుడిపెలు. చాలావరకు కుళ్లిపోయాయి. మిగిలినవాటిలో ఒకదాన్ని గోరుతో చిదిమితే లోపల రక్తంలా ఎర్రగా ఉంది. అదేమిటో నాకు తెలుసు. గాలిలోని నత్రజనిని పట్టేవి ఆ బుడిపెలే. పైన కోసేస్తే అవి మట్టిలో కుళ్లి, ఆ సత్తువ పక్కనున్న రాగికి అందుతుంది.

ఆడవాళ్లను పిలిపించి, చూపించి చెప్పాను. వాళ్లు నవ్వుకుంటూ కలుపుకు దిగారు. నేను గెలిచినదానిలా చిన్నమ్మ వైపు తిరిగాను.

ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన గ్లాసు నిండా టీ, పైన మూత. చిన్నమ్మకు టీ అలవాటు లేదు.

"అయితే మీ చిన్నాయన రాలేదా పాపా?" అని అడిగింది.